బాలింతకు జుట్టు రాలుతుందా? కంగారు పడకండి!

కాన్పయిన మూడో నెలలోనో, నాలుగో నెలలోనో చాలామంది తల్లులకు ఒక బెంగ పట్టుకుంటుంది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు. తలంటు పోసుకుంటే తూము దగ్గర చుట్టలు చుట్టుకుని వెంట్రుకలు. తలగడ మీద వెంట్రుకలు. చివరకు పాలు తాగే బిడ్డ గుప్పిట్లో కూడా వెంట్రుకలే. "నా తల బోడి అయిపోతుందేమో" అని తల్లి భయపడుతుంది. ఇంట్లో వాళ్ళు తలా ఒక కారణం చెబుతారు. వీటిలో ఎక్కువగా వినబడేది ఒకటుంది: "నువ్వు వేయించుకున్న కాపర్-టి వల్లే ఇదంతా!"

ఈ మాట నిజమేనా? భార్యాభర్తలిద్దరూ కలిసి ఈ కరపత్రం చదవండి. చదవడం రానివాళ్ళు చదివించుకుని వినండి.

తార్నాకలో ఒక జంట

పాలమూరు వైపునుంచి ఒక యువ జంట కూలి పనికి హైదరాబాదు వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో భవనం పని. తార్నాక దగ్గర రేకుల షెడ్డులో కాపురం. నాలుగున్నర నెలల ఆడపిల్లను చంకనెత్తుకుని ఆమె, వెనకాలే భర్త నా దగ్గరకు వచ్చారు.

"మేడమ్, నాకు పెట్టిన తీగ తీసెయ్యిండ్రి. ఎంటికలన్నీ ఊడిపోతున్నయి. ఇట్లనే ఉంటే నెత్తిల ఒక్కటి గూడ మిగలదు" అంది ఆమె. కొంగు ముడి విప్పి, మూడు రోజులుగా దాచిపెట్టిన వెంట్రుకల ఉండ చూపించింది.

"మా అమ్మ గూడ అదే అంటున్నది మేడమ్. కడుపుల తీగ పెట్టుకుంటే వేడి చేస్తదట. పెండ్లప్పుడు దీని జడ నడుము దాంక ఉండె" అన్నాడు భర్త.

నేను ఇద్దరినీ కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడిగాను.

"కాపర్-టి ఎప్పుడు పెట్టారమ్మా?"

"కాన్పయిన తెల్లారి, దవాఖానల్నే."

"జుట్టు రాలడం ఎప్పుడు మొదలయింది?"

"మూడు నెలలు పడ్డంక."

"మీ ఇంట్లో, మీ వాడలో కాపర్-టి పెట్టించుకోని బాలింతలున్నారు కదా. వాళ్ళకు రాలలేదా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "మా ఆడబిడ్డకు రాలింది మేడమ్. ఆమె ఏం పెట్టుకోలే. మా అక్కకు గూడ రాలింది, మొదటి కాన్పుకు" అంది. అని, తనే ఆశ్చర్యపోయింది.

చూశారా! కాపర్-టి ఉన్నామెకూ రాలింది, లేనామెకూ రాలింది. ఇద్దరిలోనూ ఉన్నది ఒక్కటే, కాన్పు. అసలు సంగతి అక్కడుంది.

వెంట్రుక ఎలా పెరుగుతుంది? ఎందుకు రాలుతుంది?

మన తలమీద సుమారు ఒక లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి వెంట్రుకకూ చర్మం లోపల ఒక చిన్న కుదురు ఉంటుంది. ఆ కుదురులోనే వెంట్రుక తయారవుతుంది. నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పొడవు పెరుగుతుంది.

కానీ ఏ వెంట్రుకా ఆగకుండా పెరుగుతూ ఉండదు. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది. తర్వాత పెరగడం మానుకుని, రెండు మూడు నెలలు కుదురులోనే విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తర్వాత రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్త వెంట్రుక మొలుస్తుంది.

ఏ రోజు చూసినా మన తలమీద ప్రతి 100 వెంట్రుకల్లో 85 నుంచి 90 దాకా పెరుగుతూ ఉంటాయి. మిగిలినవి విశ్రాంతిలో ఉంటాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. ఇది మగవాళ్ళకూ ఉంది, ఆడవాళ్ళకూ ఉంది. మన ఇంటి ముందు వేపచెట్టుకు ముదురాకు రాలి చిగురు వస్తుంది కదా, ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే, చెట్టు ఆకులన్నీ ఒక ఋతువులో రాలుస్తుంది. మన తల రోజూ కొద్దికొద్దిగా రాలుస్తుంది. అందుకే మామూలు రోజుల్లో మనం గమనించం.

మరి కాన్పు తర్వాత ఏమవుతుంది?

కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను బాగా పెరుగుతుంది. హార్మోను అంటే ఒంట్లోనే తయారై, రక్తంలో కలిసి, ఒక్కో అవయవానికి ఒక్కో పని చెప్పే పదార్థం. ఇది ఎక్కువగా ఉన్నన్నాళ్ళూ విశ్రాంతికి వెళ్ళవలసిన వెంట్రుకలు కూడా వెళ్ళకుండా పెరుగుతూనే ఉంటాయి. రోజువారీ రాలవలసినవి రాలవు. అందుకే చాలామందికి చూలు నిండిన నెలల్లో జుట్టు ఒత్తుగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. "కడుపుతో ఉన్నప్పుడు జడ బరువుగా ఉండేది" అని మీరే చెబుతుంటారు.

కాన్పు కాగానే ఆ హార్మోను ఒక్కసారిగా తగ్గిపోతుంది. అప్పటిదాకా ఆగి ఉన్న వెంట్రుకలన్నీ ఒకేసారి విశ్రాంతికి వెళతాయి. ఊరంతా ఒకే వారంలో నాట్లు వేస్తే, కోతలు కూడా ఒకేసారి వస్తాయి కదా! అలాగే, ఒకేసారి విశ్రాంతికి వెళ్ళిన వెంట్రుకలు రెండు మూడు నెలల తర్వాత ఒకేసారి రాలుతాయి. అందుకే కాన్పు నాడు కాక, మూడో నెలలో, నాలుగో నెలలో రాలడం మొదలవుతుంది. ఈ మూడు నెలల ఎడమే మనల్ని మోసం చేస్తుంది. అసలు కారణాన్ని మరిచిపోయి, ఈ మధ్య ఏం చేశామా అని వెతికి, కాపర్-టి మీదో, మాత్ర మీదో, నీళ్ళ మీదో నింద వేస్తాం.

ఈ రకం జుట్టు రాలడాన్ని 1961లో అమెరికాకు చెందిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు వివరించి, టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. పేరు మనకు అక్కర్లేదు. ఇది తాత్కాలికం అన్న సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

కాన్పు ఒక్కటే కాదు. టైఫాయిడ్, డెంగీ వంటి పెద్ద జ్వరాలు, పెద్ద ఆపరేషన్, రక్తం ఎక్కువగా పోవడం, తిండి బాగా తగ్గిపోవడం, తట్టుకోలేని మనోవేదన - వీటి తర్వాత కూడా రెండు మూడు నెలలకు ఇలాగే రాలుతుంది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా జ్వరం వచ్చి తగ్గిన చాలామందికి, మగవాళ్ళకు కూడా, ఇలాగే రాలింది. మళ్ళీ వచ్చింది.

ఆ తెల్ల చుక్క వేరు కాదు

రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొనన చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తుంది. దాన్ని చూసి "వేరుతో సహా ఊడిపోయింది, ఇక రాదు" అనుకుంటారు. అది పొరపాటు. అది విశ్రాంతి దశలో గట్టిపడిన వెంట్రుక చివర మాత్రమే. కుదురు చర్మంలో భద్రంగా ఉంది. నిజానికి ఆ తెల్ల బుడిపె కనిపించడమే మంచి గుర్తు. ఆ వెంట్రుక తన కాలం పూర్తిచేసుకుని, కొత్తదానికి చోటు ఇచ్చి వెళ్ళిందని అర్థం.

కుదురు పోలేదనడానికి మన ఇళ్ళల్లోనే సాక్ష్యం ఉంది. తిరుమలకు వెళ్ళి తలనీలాలు ఇచ్చి వస్తాం. గుండు మీద వారం తిరగకముందే నల్లగా మొలకలు కనబడతాయి. పైన ఏమీ లేకపోయినా కుదురు లోపల పని చేస్తూనే ఉంటుంది. మీ పసిబిడ్డను చూడండి. పుట్టు వెంట్రుకలు మొదటి నెలల్లో, ముఖ్యంగా తల వెనక భాగంలో, రాలిపోయి కొత్తవి వస్తాయి. తల్లికీ బిడ్డకీ ఒకే కాలంలో రాలడం చూసి దిష్టి తగిలిందనుకోనక్కర్లేదు.

ఎన్నాళ్ళు ఉంటుంది?

కాన్పయిన 2 నుంచి 4 నెలల్లో మొదలవుతుంది. కొన్ని వారాలు ఎక్కువగా ఉంటుంది. తర్వాత తగ్గుముఖం పడుతుంది. చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి జుట్టు మళ్ళీ మామూలుకు వస్తుంది. నుదురు అంచున, చెవుల పైన పొట్టిపొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనబడితే సంతోషించండి. అవి విరిగినవి కాదు, కొత్తగా మొలుస్తున్నవి. అయితే నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి పాత జడంత పొడవు కావడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఓపిక పట్టాలి.

కుటుంబ నియంత్రణ పద్ధతులకూ జుట్టుకూ సంబంధం ఉందా?

ఒక్కొక్కటే చూద్దాం.

కాపర్-టి: ఇందులో హార్మోను లేదు. చిన్న ప్లాస్టిక్ ముక్కకు రాగి చుట్టి ఉంటుంది. అది గర్భసంచిలోనే ఉండి పని చేస్తుంది. దీనివల్ల జుట్టు రాలదు, వేడి చేయదు. అయితే కొందరికి మొదటి కొన్ని నెలలు బహిష్టు రక్తం ఎక్కువగా పోవచ్చు. అలా చాలా పోతుంటే రక్తహీనత వస్తుంది, రక్తహీనత వల్ల జుట్టు పలచబడవచ్చు. కాబట్టి రక్తం ఎక్కువగా పోతే ఊరుకోకుండా కేంద్రానికి వచ్చి పరీక్ష చేయించుకోండి. 380-ఎ రకం 10 ఏళ్ళు, 375 రకం 5 ఏళ్ళు పనిచేస్తుంది.

ఛాయా మాత్రలు: ఇందులోనూ ఈస్ట్రోజన్ లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారయిన మందు ఇది. మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు.

మాలా-ఎన్ మాత్రలు: ఇందులో హార్మోన్లు ఉన్నాయి. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లి వీటిని వాడరాదు. తర్వాత వాడేవారిలో కొందరికి, మొదలుపెట్టినప్పుడో, మానేసినప్పుడో, కొన్నాళ్ళు జుట్టు ఎక్కువ రాలవచ్చు. అది కూడా తాత్కాలికమే. ఈ చీటీలో ఉండే 28 మాత్రల్లో చివరి 7 ఇనుము మాత్రలు. వాటిని పారేయకుండా మింగండి.

అంతరా ఇంజెక్షన్: మూడు నెలలకొకసారి వేస్తారు. పాలిచ్చే తల్లికి కాన్పయిన ఆరు వారాల తర్వాత వేయవచ్చు. తక్కువమందిలో జుట్టు పలచబడటం కనిపిస్తుంది. అలా అనిపిస్తే తర్వాతి ఇంజెక్షన్ తేదీకి ముందే వచ్చి చెప్పండి. వేరే పద్ధతికి మారవచ్చు.

ట్యూబెక్టమీ ఆపరేషన్: గొట్టాలను మాత్రమే మూసివేస్తారు. అండాశయాలను తాకరు. హార్మోన్లు ఎప్పటిలాగే తయారవుతాయి. కాన్పు తర్వాత వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి మూడో నెలలో జుట్టు రాలితే, అది ముఖ్యంగా కాన్పు వల్ల రాలేదే.

వేసెక్టమీ ఆపరేషన్: భర్తకు చేసే ఈ ఆపరేషన్ వల్ల బలం తగ్గదు, మగతనం తగ్గదు, బట్టతల రాదు. కోత, కుట్టు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించుకునేదాకా నిరోధ్ వాడాలి. మగవాళ్ళ బట్టతల వంశం నుంచి వచ్చేది, ఆపరేషన్ నుంచి కాదు.

నిరోధ్: దీనివల్ల జుట్టుకు ఏ సంబంధమూ లేదు.

తొందరపడితే ఏమవుతుంది?

జుట్టు రాలుతోందని కాపర్-టి తీయించేస్తే ఏమవుతుంది? మొదటిది, జుట్టు రాలడం ఆగదు. ఎందుకంటే దానికి కారణం అది కాదు. రెండోది, కాపర్-టి తీసిన ఆ నెలలోనే మళ్ళీ గర్భం రావచ్చు. బహిష్టు రాకపోయినా రావచ్చు. "పాలిస్తున్నాను కదా, ఏం కాదు" అనుకుంటారు. పాలివ్వడం వల్ల రక్షణ ఉండాలంటే మూడూ కుదరాలి: బిడ్డకు పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వకూడదు, బహిష్టు మళ్ళీ మొదలుకాకూడదు, బిడ్డ వయసు ఆరు నెలలలోపు ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా రక్షణ లేదు.

నేను చూసిన ఒక తల్లి సంగతి చెబుతాను. జుట్టు రాలుతోందని ఎవరికీ చెప్పకుండా కాపర్-టి తీయించుకుంది. బిడ్డకు ఎనిమిదో నెల వచ్చేసరికి మళ్ళీ నెల తప్పింది. మొదటి కాన్పులో పోయిన రక్తమే ఇంకా కూడదీసుకోలేదు. చంటిబిడ్డ చంకలో, ఇంకో బిడ్డ కడుపులో. నడిస్తే ఆయాసం, ముఖం పాలిపోయింది. రెండో కాన్పు బరువు తక్కువ బిడ్డ. ఆ కాన్పు తర్వాత జుట్టు మళ్ళీ రాలింది, ఈసారి మరింత ఎక్కువగా. జడ కాపాడుకోబోయి ఆమె ఒంట్లో బలమే పోగొట్టుకుంది.

ఒక కాన్పు తర్వాత మళ్ళీ గర్భం ధరించడానికి కనీసం రెండేళ్ళు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే బిడ్డకీ బిడ్డకీ మధ్య దాదాపు మూడేళ్ళ ఎడం. ఈ ఎడం తల్లి రక్తానికి, ఎముకలకు, జుట్టుకు - అన్నిటికీ మంచిది. వాడుతున్న పద్ధతి నచ్చకపోతే మార్చుకునే హక్కు మీకుంది. కాని ఒకటి మానేసే రోజునే మరొకటి మొదలుపెట్టండి.

తిండి సంగతి: తార్నాక చెప్పే మాట

ఆ దంపతులు రోజూ పనికి వెళ్ళే దారిలోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదే, తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్నగా మొదలుపెట్టిన పరిశోధన ఇది. 1958లో హైదరాబాదుకు మారింది. 1969 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది. మన దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్క కట్టి చెప్పేది ఈ సంస్థే.

ఈ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ పసిపిల్లల్లో మాంసకృత్తులు, తిండి చాలక వచ్చే క్వాషియార్కర్ జబ్బుపై పరిశోధన చేసినవారు. ఆ జబ్బు వచ్చిన పిల్లల జుట్టు రంగు మారి, పలచబడి, మెల్లగా లాగితేనే చేతికి వచ్చేస్తుంది. వెంట్రుక మాంసకృత్తులతోనే తయారవుతుంది మరి. ఒంటికి తిండి చాలనప్పుడు శరీరం ముందు గుండెను, మెదడును కాపాడుకుంటుంది. జుట్టుకు ఆఖరున వడ్డిస్తుంది.

కాన్పు తర్వాత రాలే జుట్టు తిండిలోపం వల్ల కాదు. కాని తిండి, రక్తం చాలకపోతే అది తిరిగి రావడం ఆలస్యమవుతుంది. మన ఇళ్ళల్లో బాలింతకు పత్యం పేరుతో కారప్పొడి అన్నమే పెట్టి, పప్పు, కూరగాయలు, గుడ్డు, ఒక్కోసారి మంచినీళ్ళు కూడా తగ్గించేస్తారు. ఇది మానుకోవాలి. పెద్దలు ప్రేమతోనే చెబుతారు. కాని పాలిచ్చే తల్లికి కావలసింది ఎక్కువ తిండి, తక్కువ కాదు.

పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లికి అదనంగా మరో 17 గ్రాములు, 600 కేలరీల శక్తి కావాలి. అంటే రోజూ తినేదానికి పైన ఇంకొక పూట తిండి అన్నమాట. ఖరీదైన డబ్బాలు, టానిక్కులు కొననక్కర్లేదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గుప్పెడు వేరుసెనగ పలుకుల్లో సుమారు 7 గ్రాములు, ఒక గిన్నెడు పప్పులో దాదాపు అంతే మాంసకృత్తులు దొరుకుతాయి. ఈ మూడూ కలిపితే అదనంగా కావలసిన లెక్క సరిపోతుంది.

రోజూ ఇవి చూసుకోండి:

1. మూడు పూటలా అన్నం లేక రొట్టె. వీలయితే ఒక పూట సజ్జ, జొన్న, రాగి.

2. ప్రతి రోజూ పప్పు. వారంలో కొన్నిసార్లు ఉలవచారు, పెసలు, సెనగలు, అలసందలు.

3. ఆకుకూర: తోటకూర, మునగాకు, మెంతికూర - ఏది దొరికితే అది.

4. నిమ్మకాయ, ఉసిరికాయ లేక జామపండు. పులుపు ఉంటే తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

5. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. గంట ఆగండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

6. దాహమైనప్పుడల్లా నీళ్ళు.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు పప్పు, కూరలతో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెడతారు. సిగ్గుపడకుండా వెళ్ళి తినండి. అది మీ కోసమే పెట్టినది.

ఇనుము మాత్ర మరువకండి

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ప్రతి 100 మందికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు ఇంతే. సగానికి పైగా! అందుకే కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు రోజుకొక ఇనుము-ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. కాన్పు కాగానే చాలామంది మాత్రలు మానేస్తారు. ఇది పెద్ద పొరపాటు. పాలతో, టీతో కాకుండా నీళ్ళతోనో, నిమ్మరసంతోనో మింగండి. మలం నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర వల్లే.

తల సంగతి

తలంటుకుంటే ఎక్కువ ఊడుతుందని కొందరు నెలల తరబడి తల తడపరు. దీనివల్ల ఆగేదేమీ లేదు. రాలవలసిన వెంట్రుకలు జుట్టులో చిక్కుకుని ఉండి, తలంటుకున్న రోజున అన్నీ కలిసి వస్తాయి. వారం వెంట్రుకలు ఒక్కరోజే చూసి గుండె ఝల్లుమంటుంది. కుంకుడుకాయో, సీకాయో, షాంపూనో - మీకు అలవాటయిన దానితో శుభ్రంగా తలంటుకోండి.

తడి జుట్టును దువ్వకండి. ఆరాక, పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో చివరి నుంచి పైకి చిక్కు తీయండి. బిగించి జడ వేయకండి, వదులుగా వేసుకోండి. కొబ్బరినూనె రాస్తే జుట్టు మెత్తగా ఉండి తక్కువ తెగుతుంది. కాని ఏ నూనె రాసినా రాలవలసిన వెంట్రుక ఆగదు. "పదిహేను రోజుల్లో జుట్టు" అని అమ్మే సీసాల మీద డబ్బు తగలేయకండి. ఎలాగూ ఆరు నెలల్లో తనంతట తనే వచ్చే జుట్టును ఆ సీసా తన ఖాతాలో వేసుకుంటుంది. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా జుట్టు మందులు వాడరాదు. పేలకు కిరసనాయిలు రాయకండి, అది ప్రమాదం.

ఇంకొక సంగతి. ఊడిన పొడవాటి వెంట్రుక పసిబిడ్డ కాలి వేలికో, చేతి వేలికో బిగుసుకుంటే ఆ వేలు వాచి, రక్తం ఆడక చెడిపోవచ్చు. బిడ్డ కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడిస్తే వేళ్ళు ఒక్కసారి చూడండి.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

ఎక్కువమందికి మందు అక్కర్లేదు. కాని ఈ క్రింది లక్షణాలుంటే ఆరోగ్య కేంద్రానికి రండి:

1. బిడ్డకు ఏడాది నిండినా రాలడం తగ్గకపోవడం.

2. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడిపోవడం. దీన్ని పేనుకొరుకుడు అంటారు.

3. తలమీద దురద, పొలుసులు, చీము, గుండ్రటి మచ్చలు.

4. ఆయాసం, నీరసం, కళ్ళు, నాలుక పాలిపోవడం. ఇవి రక్తహీనత గుర్తులు.

5. గుండెదడ, చలికి తట్టుకోలేకపోవడం, ఒళ్ళు అకారణంగా లావెక్కడమో చిక్కిపోవడమో. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ తేడా వస్తుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది.

6. బహిష్టు రక్తం ఎక్కువగా, ఎక్కువ రోజులు పోవడం.

7. నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వచ్చి, బిడ్డ మీద కూడా మనసు పోకపోవడం. ఇది జుట్టు కంటే ముఖ్యం. వెంటనే చెప్పండి.

భర్తకు ఒక మాట

అన్నా, మీ ఇంట్లో ఆఖరున అన్నం తినేది ఎవరు? మీ భార్యే అయితే, ఈ రోజునుంచి ఆమెను మీతోపాటు కూర్చోబెట్టండి. కుండలో మిగిలిందే ఆమెకు దక్కితే పప్పు మీకు, చారు ఆమెకు అవుతుంది. "నీ జడ ఏమయింది?" అని నవ్వులాటకు కూడా అనకండి. ఆమె జుట్టు మీ బిడ్డను కన్నందుకే రాలుతోంది. రాత్రి బిడ్డ ఏడిస్తే కాసేపు మీరు ఎత్తుకోండి. అమ్మ ఏదైనా అంటే, "ఇది కాన్పు వల్లే అమ్మా, మళ్ళీ వస్తది" అని మీరే చెప్పండి. కోడలు చెప్పేకన్నా కొడుకు చెబితే త్వరగా వింటారు.

ఆ జంట ఏం చేశారు?

ఆ రోజు వాళ్ళిద్దరూ చాలాసేపు కూర్చున్నారు. నేను కాపర్-టి తీయవద్దని పట్టుబట్టలేదు. "ఇదంతా విన్నాక కూడా తీయించుకోవాలనిపిస్తే డాక్టరమ్మ తీస్తుంది. ఆ రోజే ఇంకొక పద్ధతి తీసుకోండి" అన్నాను. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది. కాన్పయ్యాక మాత్రలు మానేసిందట. మళ్ళీ మొదలుపెట్టించాం. అంగన్‌వాడీలో పేరు రాయించాం.

బయటికి వెళుతూ భర్త అడిగాడు: "మేడమ్, మరి పక్కాగ వస్తదా ఎంటిక?"

"ఆమె నుదుటి దగ్గర చూడు" అన్నాను. చూశాడు. చెవి పైన పిల్లల వెంట్రుకల్లాంటివి నాలుగైదు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అప్పటికే మొలుస్తున్నాయి. వాళ్ళిద్దరూ అంతదాకా రాలినవే లెక్కపెట్టారు గాని, మొలిచినవి చూడలేదు.

బిడ్డకు పదకొండో నెలలో తట్టు టీకా రెండో డోసు ఎప్పుడని అడగడానికి ఆమె మళ్ళీ వచ్చింది. పదహారో నెల నుంచి వేస్తారని చెప్పాను. జడ ఇంకా పొట్టిదే, కాని ఒత్తుగా ఉంది. కాపర్-టి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండో బిడ్డ ఎప్పుడని అడిగితే, "దీన్ని అంగన్‌వాడీకి తోలినంక చూద్దాం మేడమ్" అంది నవ్వుతూ.

గుర్తుంచుకోండి:

కాన్పు తర్వాత జుట్టు రాలడం సహజం, తాత్కాలికం.

కుదురు పోదు, వెంట్రుక మళ్ళీ వస్తుంది.

కాపర్-టి వల్ల జుట్టు రాలదు.

కడుపునిండా తిండి, 180 రోజులు ఇనుము మాత్ర, బిడ్డకీ బిడ్డకీ మూడేళ్ళ ఎడం - తల్లికి ఇవే అసలైన తైలాలు.

సందేహం ఏదైనా ఉంటే మీ ఊరి ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడగండి. లేదా ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి రండి. సలహా ఉచితం. మీ మాట రహస్యంగా ఉంటుంది.